క్రూజు పట్టని కారు

మా ఆయన పేరు పర్శరాములు. పేరు పెట్టి పిలిస్తే మా అత్త ముఖం మాడ్చుకుంటుంది కాబట్టి ఇంట్లో పిలవను. ఇక్కడ రాస్తే ఆమెకు తెలియదు, చదువు రాదు. ఎల్లారెడ్డిలో కిరాయికి కారు నడిపేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళందరిలో నడి ఎండాకాలంలో కూడా ఇంట్లో లుంగీ కట్టనివాడు మా ఆయన ఒక్కడే. కడితే మోకాలు కనిపిస్తుందని ఆయన బాధ.

ఆ మోకాలి సంగతి ముందు చెప్పాలి. సౌదీలో ఆయన ట్రైలర్ నడిపేవాడు. ఒకరోజు రోడ్డు పక్కన టైరు మారుస్తుంటే జాకీ జారి కుడి మోకాలు నలిగిపోయింది. అక్కడే ఆపరేషన్ చేసి, లోపల ప్లేటు వేసి, ఇంటికి పంపించారు. ఇప్పుడు నడుస్తాడు, మెట్లెక్కుతాడు, బ్రేకు ఎంత గట్టిగానైనా తొక్కుతాడు. కానీ పాదాన్ని కదల్చకుండా ఒకే తీరుగా, కొంచెం నొక్కిపట్టి ఉంచాలంటే మాత్రం కాసేపటికి కాలు వణకడం మొదలవుతుంది. ఆ తర్వాత తిమ్మిరెక్కి, ఉందో లేదో తెలియదు. హైవే మీద యాక్సిలరేటర్ తొక్కడమంటే సరిగ్గా అదే పని.

ఈ సంగతి మా అత్త భూదవ్వకు తెలియదు. విమానం దిగి ఇంటికొచ్చిన రోజు "కాలు మొత్తం మంచిగైంది అవ్వా" అన్నాడు, ఇక ఆ మాట మీదే ఉండిపోయాడు. ఎందుకంటే ఆయన్ను సౌదీకి పంపింది ఆమే. బీడీలు చుట్టి కూడబెట్టిన పైసలు ఏజెంటు చేతిలో పోసి, వద్దన్న కొడుకును బతిమాలి మరీ పంపింది. కాలు ఇట్లా అయిందని తెలిస్తే ఆ పాపం తన నెత్తిన వేసుకుంటుందని ఈయన భయం. ఈ దాపరికం నాకు మొదటి నుంచీ నచ్చలేదు. ఎన్నోసార్లు గొడవ పడ్డాను. ఆయన వినే రకం కాదు, నేను ఊరుకునే రకం కాదు.

సౌదీ నుంచి వచ్చిన కొత్తలో ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. తలా ఒక సలహా ఇచ్చారు. కిరాణం పెట్టుకొమ్మన్నారు, వాచ్‌మన్ పని చూస్తామన్నారు. ఆయన గోడను వదల్లేదు. ఒకరోజు తనంతట తనే లేచి, "నాకు స్టీరింగ్ తప్ప ఏం రాదు. కాలుకు పని లేని బండి ఎతుకుత" అని హైదరాబాద్ పోయాడు. పాత కార్లు అమ్మేవాళ్ళ దగ్గర ఇంజిన్ చూడలేదు, టైర్లు చూడలేదు, ముందు స్టీరింగ్ మీద క్రూజ్ కంట్రోల్ బటన్ ఉందా లేదా చూశాడట. అది నొక్కితే కారు పట్టిన వేగాన్ని తనే పట్టుకుని పోతుంది, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టక్కర్లేదు. బ్రేకు తాకితే వదిలేస్తుంది. సౌదీ ట్రైలర్లలో ఆయనకు అలవాటైన సంగతే అది. అట్లాంటి కారు దొరికేదాకా తిరిగి, కొనుక్కొచ్చాడు.

ఆ కారుతో ఆయన మళ్ళీ మనిషయ్యాడు. మహమ్మద్‌నగర్, లింగంపేట, ఇటువైపు ఊళ్ళ నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్ళను శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దించుతాడు, వచ్చేవాళ్ళను తెస్తాడు. కామారెడ్డి దాకా మలుపుల రోడ్డు. అడ్డం వచ్చే బర్రెలకు, గొర్ల మందలకు పాదం లేపుతూ దించుతూ ఉండాలి కాబట్టి ఆ రోడ్డు మీద కాలుకు ఇబ్బంది లేదు. కామారెడ్డిలో హైవే ఎక్కి, భిక్కనూరు టోల్‌గేటు దాటాక బటన్ నొక్కి కాలు కింద పెట్టేస్తాడు.

మొన్న వానలు తగ్గాక మా అత్తకు కంటి ఆపరేషన్ చేయించడానికి హైదరాబాద్ తీసుకుపోయాం. వచ్చేటప్పుడు గాలి బాగా తగులుతుందని ముందు సీట్లో ఆమెను కూర్చోబెట్టాడు. నేను వెనక పడుకున్నాను. ఇంటికొచ్చాక ఆమె "ఇగ మీ కార్ల నేనెక్క" అంది. వాంతి వచ్చినట్టయిందేమో అనుకున్నాం. అడిగితే జవాబు చెప్పలేదు. ఆమె కోపాలకు కారణాలు అడగడం నేను పెళ్ళయిన కొత్తలోనే మానేశాను.

ఆ తర్వాత కొద్ది రోజులకే క్రూజు పట్టడం మానేసింది.

బటన్ నొక్కితే మీటర్‌లో దీపం వెలుగుతుంది. వేగం పట్టుకొమ్మని రెండో బటన్ నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. ఎప్పుడైనా ఒకసారి పట్టినా, చిన్న గతుకు రాగానే వదిలేస్తుంది. అట్లా ఒకరోజు కారులో మస్కట్ పోయే మనిషి, ఆయన్ను సాగనంపే ఇంటివాళ్ళు ఉన్నారు. తూప్రాన్ దాటాక ఈయన కాలు తిమ్మిరెక్కింది. బండి పక్కకు ఆపి, దిగి, తొడ మీద గుద్దుకుంటూ అటూ ఇటూ నడిచాడట. వాళ్ళు గడియారం చూసుకుంటున్నారు. మళ్ళీ ఎక్కి, మధ్య మధ్యలో ఆపుకుంటూ ఎట్లాగో విమానం అందించాడు.

ఇంటికొచ్చి నేను బట్టలు కుట్టే గదిలోకి వచ్చి కూర్చున్నాడు. నేను మిషను ఆపాను.

"ఇయ్యాల కాలు నా మాట ఇనలే" అన్నాడు. "క్రూజు బాగైతేనే ఇగ ఎయిర్‌పోర్టుకు పోత. కాకుంటే బండి అమ్ముత. మంది పాణాలు నా చేతుల పెట్టి కూసుంటరు, ఆళ్ళతోని ఆటలాడద్దు."

"అమ్మి ఏం చేస్తవు?"

నాకు ఆ గోడ గుర్తొచ్చింది. మళ్ళీ ఆ గోడవైపు తిరిగిన మనిషికి అన్నం పెట్టడం నావల్ల కాదు. మరునాడే మాచారెడ్డి నుంచి హన్మంతు అనే ఆయన ఫోన్ చేశాడు, కారు అమ్ముతున్నారని విన్నానని, ఆదివారం వచ్చి చూస్తానని. ఇట్లాంటి వార్తలు మా దగ్గర బస్సు కంటే ముందు పోతాయి. "రా అన్నా" అని ఈయన ఫోన్ పెట్టేశాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఆదివారం దాకా ఉన్నది గద టైము" అన్నాడు. "గప్పటిదాక చూస్త."

చూడడమంటే ఆయన చూసే తీరు వేరు. తిట్టడు, తన్నడు, బానెట్ ఎత్తి నిట్టూర్చడు. చెయ్యి అందే చోటు నుంచి మొదలుపెట్టి లోపలికి పోతాడు. మొదట ఫ్యూజులన్నీ తీసి, ఒక్కొక్కటి ఎండకు పట్టి చూసి, తిరిగి పెట్టాడు. బాగున్నాయి. తర్వాత నన్ను కారు వెనక నిలబెట్టి, బ్రేకు తొక్కుతూ వదులుతూ "లైట్లు పడ్తున్నయా?" అని అడిగాడు. బ్రేకు తొక్కగానే క్రూజు వదిలెయ్యాలి కాబట్టి, పెడలు పైన ఒక చిన్న స్విచ్ ఉంటుందట. అది చెడితే కారు ఎప్పుడూ బ్రేకు మీదే ఉన్నాననుకుంటుందట.

"పడ్తున్నయి. పోయినయి. మల్ల పడ్డయి" అని నేను చెబుతూ పోయాను.

"అయితే స్విచ్ మంచిగనే ఉన్నది" అన్నాడు. ఇద్దరం ఆ మాటను నమ్మేశాం. దానితో పని ఎంత పెరిగిందో తర్వాత తెలిసింది.

కామారెడ్డిలో నిజాంసాగర్ చౌరస్తా దాటాక సుందర్ అనే కుర్ర ఎలక్ట్రీషియన్ షాపు ఉంది. కార్ల వైరింగ్ పని బాగా చేస్తాడని పేరు. కానీ సంగతి చెప్పగానే ఆ పిల్లవాడు కూడా అందరూ అన్న మాటే అన్నాడు.

"అన్నా, మన రోడ్ల మీద గదెందుకే. పీకేసి పక్కకు పెడ్త, దీపం కూడ రాదు."

"దీపం రాకుంటే బీమారి పోతదా?" అన్నాను నేను.

సుందర్ నా వైపు చూసి, మా ఆయన వైపు చూశాడు. ఆయన షాపులో ఎవరూ లేరని చూసుకుని, కుడి కాలి ప్యాంటు మోకాలి దాకా ఎత్తి, దించేశాడు. ఆ పిల్లవాడు మళ్ళీ పీకేస్తాననలేదు. లోపలికి పోయి పనిముట్లు తెచ్చుకున్నాడు.

క్లచ్ దగ్గర కూడా అట్లాంటి స్విచ్చే ఒకటి ఉంటుంది, అది అరిగిందని మార్చాడు. క్రూజు పట్టలేదు. స్టీరింగ్ విప్పి, బటన్ల కింద చుట్టలాగా ఉండే పట్టీ వైరు చూశాడు. హారన్ మోగుతోంది, పాటల సౌండు పెరుగుతోంది, కాబట్టి అదీ బాగానే ఉంది. బానెట్ కింద ఎలుక కొరికిన వైరు ఒకటి కనిపించింది. ముగ్గురం సంతోషపడిపోయాం. ఆ వైరు అతికించి హైవే ఎక్కితే నిజంగానే క్రూజు పట్టింది. ఈయన కాలు కింద పెట్టి నా వైపు చూసి నవ్వాడు కూడా. ఆ నవ్వు పూర్తికాకముందే బ్రిడ్జి దగ్గర చిన్న గతుకు వచ్చింది, క్రూజు వదిలేసింది. నాకు కారు దిగి ఆ ఎలుకను వెతికి రెండు తగిలించాలనిపించింది.

శనివారం మళ్ళీ పోయాం. ఎస్తేర్ అని నా దగ్గర కుట్టు నేర్చుకునే అమ్మాయికి నా కుట్టు గది అప్పజెప్పి నేనూ పోయాను. సుందర్ ముఖం వాడిపోయి ఉంది.

"అన్నా, నాకైతే సమజైతలేదు. హైదరాబాద్ల చూపెట్టు" అన్నాడు.

"నీకు సమజయ్యేదాక నేనీడనే కూసుంట తమ్మీ" అన్నాడు మా ఆయన, ముక్కాలి పీట లాక్కుని. "వచ్చిన రోగం యాడికి పోతది? బండిలనే ఉన్నది. మనం చూసిన కాడ లేదు, చూడని కాడ ఉన్నది. ఏం చూడలేదో చెప్పు."

సుందర్ తల గోక్కున్నాడు. కారు లోపలి లెక్కలన్నీ ఫోన్‌లో చూపించే చిన్న డబ్బా ఒకటి అతని దగ్గర ఉంది. ఇంతకుముందు దాంతో లోపాల పట్టిక చూశాడు, అందులో ఏమీ రాలేదు. ఈసారి బండి నడుస్తుండగా చూద్దామన్నాడు. ఈయన స్టీరింగ్ ముందు, నేను పక్కన ఫోన్ పట్టుకుని, సుందర్ వెనక నుంచి తల ముందుకు పెట్టి. హైవే ఎక్కాం. ఫోన్ మీద ఏవేవో వరసలు కదులుతున్నాయి. సుందర్ చెప్పిన వరసలు నేను పైకి చదువుతున్నాను.

"వేగం ఎనభై. క్లచ్ ఆఫ్. బ్రేక్ స్విచ్ ఒకటి ఆఫ్. బ్రేక్ స్విచ్ రెండు ఆన్."

"మల్ల చదువు వదినా."

"ఒకటి ఆఫ్. రెండు ఆన్."

"అన్నా, బ్రేకు మీద కాలు పెట్టినవా?"

"లేదు."

నేను వంగి చూశాను. నిజమే, ఆయన పాదం బ్రేకు దగ్గర లేదు. సుందర్ వెనక సీటు మీద చేత్తో కొట్టాడు.

"గా ఒక్క స్విచ్ల రెండు ఉంటయి వదినా. మొదటిది ఎనుక లైట్లకు. రెండోది క్రూజుకు. పెడలు ఇంతంత కదిలినా రెండోది ముందుగాల్నే ఆన్ అయితది. లైట్లు మంచిగున్నయని మనం దాన్ని చూడనే లేదు."

షాపుకు వచ్చి సుందర్ డ్రైవరు సీటు కింద వెల్లకిలా పడుకుని, తల లోపలికి దూర్చి, ఫోన్ లైటు వేశాడు. తర్వాత "అన్నా, గిదేందో చూడు" అన్నాడు.

ఈయన వంగాడు, నేనూ దూరాను. చాలా పైన, బ్రేకు పెడలు వెనక్కి వచ్చి ఆనుకునే చోట, నల్లటి కమ్మీకి నల్లటి తాడు చుట్టి ఉంది. అందులో చిన్న పసుపు కొమ్ము. కాలు తీశాక పెడలు పూర్తిగా వెనక్కి వచ్చి ఆనకుండా ఆ కొమ్ము అడ్డం పడుతోంది. ఎంతో కాదు, గోరంత. ఆ గోరంతకే కారు తన మీద ఎవరో బ్రేకు నొక్కుతున్నారనుకుంటోంది. కొమ్ము కొంచెం జరిగినప్పుడు క్రూజు పడుతోంది, గతుకుకు మళ్ళీ అడ్డం పడగానే వదిలేస్తోంది.

తాడుకు ముడి కనిపించలేదు. వరస మీద వరస బిగించి చుట్టి, కొసను లోపలికి మడిచి నొక్కేసి ఉంది. బీడీకి దారం చుట్టేది అట్లాగే. మా ఇంట్లో ఆ చేతిపని ఎవరిదో చెప్పక్కర్లేదు.

సుందర్ కట్టర్ తీశాడు. "కోసెయ్యనా అన్నా?"

"ముట్టకు" అన్నాడు మా ఆయన.

నాకు ఓపిక అయిపోయింది. "దొరికింది గద, ఇంకేం కావాలె? దేవుని తాడైతే దండం పెట్టి నేనే ఇప్పుత, జరుగు."

"నువ్వు ఇప్పితే బండి బాగైతది. అవ్వ మల్ల కడ్తది" అన్నాడు. "ఎందుకు కట్టిందో తెల్వకుండ తీసేస్తే సగం రిపేరే. సగం చేసి ఇడిచిపెట్టే పని నేను చెయ్య."

ఎల్లారెడ్డి దాకా దారంతా నేను ఆయన ముఖమే చూస్తూ వచ్చాను. ఆ ముఖంలో బండి గురించిన ఆలోచన లేదని నాకు అర్థమైంది. ఏదో నిశ్చయం చేసుకుంటున్నాడు.

మా అత్త వాకిట్లో గోడ నీడన కూర్చుని ఉంది. ఒళ్ళో చాట, చాటలో తునికాకు. కన్ను బాగయ్యాక మళ్ళీ బీడీలు చుట్టడం మొదలుపెట్టింది, వద్దంటే వినదు. ఈయన వెళ్ళి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అవ్వా, కారుకు తాడు కట్టినవా?"

"కట్టిన." ఆమె చేతులు ఆగలేదు. "మైసమ్మ కాడ మొక్కి తెచ్చి కట్టిన. ఏమైంది?"

"ఎందుకు కట్టినవ్?"

"ఎందుకంటే ఏం చెప్పుదు. దవఖానల కెంచి వచ్చెటప్పుడు చూసిన. కొత్త కన్నుతోని నేను మొదలు చూసింది గదే. నీ కాళ్ళు రెండూ కింద పడేసినవ్. కారు దాని మానాన అది పోతున్నది, లారీల నడుమల. నా నోట్ల తడి ఆరింది. గప్పుడే మొక్కుకున్న. తల్లీ, నా కొడుకు కాలు పెడితేనే ఈ బండి నడువాలె, ఉత్తగ నడువద్దు అని."

"గంత పైన ఎందుకు కట్టినవ్ అత్తా?" అన్నాను నేను.

"అమ్మోరి తాడుకు కాలు తగలొచ్చునా మరి" అంది, నాకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె ఏం మొక్కుకుందో అక్షరాలా అదే జరిగింది. మైసమ్మను తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇక ఈయన ఏదో ఒక అబద్ధం చెప్పి, తాడు తీయించి, లేచిపోతాడని అనుకున్నాను. ఈసారి అట్లా చేస్తే నేనే అన్నీ చెప్పేద్దామని నోరు తెరవబోయాను.

ఆయన వంగి కుడి కాలి ప్యాంటు పైకి మడిచాడు. మడత మీద మడత వేసి, మోకాలు దాటేదాకా మడిచాడు.

పగటి వెలుతురులో ఆ మోకాలిని నేను కూడా ఎక్కువసార్లు చూడలేదు. తొడ నుంచి పిక్క దాకా కుట్ల గీత, ఒక పక్క లోపలికి పోయిన మాంసం. మా అత్త చేతులు ఆగిపోయాయి. చాట పక్కన పెట్టింది. బీడీ ఆకు పొడి అంటిన వేళ్ళు కొంగుకు తుడుచుకుని, ఆ గీతను పై నుంచి కిందిదాకా తడిమింది.

"మంచిగైంది అంటివి" అంది.

"అన్న."

"నాకు కన్ను కానరాదని ఇన్నేండ్లు దాస్తివా కొడుకా?"

"నువ్వు పంపినవని మనసుకు పెట్టుకుంటవని దాచిన."

"పంపింది నేను కాదా మరి?" అంది.

"జారింది జాకీ అవ్వా, నువ్వు కాదు." ఆయన ఆమె చెయ్యి తీసి తన చేతిలో పెట్టుకున్నాడు. "ఇను. బ్రేకు కాడ నా కాలుకు ఏం ఢోకా లేదు. ఎంత గట్టిగనన్న తొక్కుత. ఒక్క తీరుగ పట్టి ఉంచుమంటేనే ఉండది, వణుకుతది. గందుకే గా బటన్ ఉన్న బండి కొన్న. అది బండిని పట్టుకుంటది, నేను కాలు కింద పెట్టుకుంట. అది లేకుంటే నేను డ్రైవర్ను కాదు. రేపు మాచారెడ్డాయన వచ్చి బండి కొంటపోతడు."

ఆమె చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కోపంతోనో జాలితోనో నాకే తెలియదు. ఇన్నేళ్ళు ఒకరి కోసం ఒకరు దాచుకుని, ఒకరి కోసం ఒకరు మొక్కుకుని, నడుమ ఆ కారును, నన్ను సతాయించారు.

తర్వాత ఆమె లేచింది. కారు దగ్గరికి పోయి, తలుపు తీయమని, నేల మీద గొంతుక్కూర్చుని, చెయ్యి లోపలికి పెట్టింది. లోపలికి చూడలేదు, లైటు వెయ్యబోతే వద్దంది. ఆమె వేళ్ళకు దారం కొస ఎక్కడుందో తెలుసు. తాడు ఊడి వచ్చింది. దాన్ని కళ్ళకు అద్దుకుంది.

దేవుడి గూట్లో పెడుతుందనుకున్నాను. ఆమె వెనక్కి వచ్చి, కొడుకు ముందు కూర్చుని, ఆయన కుడి పాదం ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుంది. కాలు తగలకూడదని అంత ఎత్తున కట్టిన తాడును ఆ కాలి చీలమండకే చుట్టడం మొదలుపెట్టింది. వరస మీద వరస, బిగించి, కొసను లోపలికి మడిచి, బొటనవేలితో నొక్కింది.

"బండికి కాదు, దీనికి కట్టాల్సింది" అంది.

సాయంత్రమే ఈయన హన్మంతుకు ఫోన్ చేసి రావద్దని చెప్పాడు. ఆదివారం పొద్దున క్రూజు పడుతుందో లేదో చూసొద్దామని ఆయన బండి తీస్తే, మా అత్త తనంతట తనే వచ్చి ముందు సీట్లో కూర్చుంది. నేను ఎప్పటిలాగే వెనక కూర్చున్నాను. కామారెడ్డి దాకా ఆమె చూపు ఆయన కాళ్ళ మీదే ఉంది. హైవే ఎక్కాం. భిక్కనూరు టోల్‌గేటు దాటాక ఆయన బటన్ నొక్కాడు. దీపం వెలిగింది. రెండో బటన్ నొక్కాడు. కారు వేగాన్ని పట్టుకుంది. ఒక గతుకు వచ్చింది, వదల్లేదు. ఇంకొకటి వచ్చింది, వదల్లేదు.

ఆయన మాత్రం కాలు తీయలేదు. పక్కన ఆమె భయపడుతుందని పాదాన్ని యాక్సిలరేటర్ మీదే ఆనించి ఉంచాడు. కాసేపటికి ఆ మోకాలు సన్నగా వణకడం వెనక నుంచి నాకు కూడా కనిపించింది.

"పట్టిందా?" అని అడిగింది మా అత్త.

"పట్టింది అవ్వా."

"మరింక దాని మీదెందుకు పెట్టినవ్?" అంది. "తియ్యి కొడుకా. కాలు కింద పెట్టు."